సముద్రం పాలైన నీరు

ప్రతి సంవత్సరం వానకారు నడిమికి వచ్చేసరికి మన పత్రికలలో ఒక వార్త తప్పక కనిపిస్తుంది. ఫలానా బ్యారేజీ గేట్లన్నీ ఎత్తివేశారనీ, ఇన్ని లక్షల క్యూసెక్కుల నీరు వృథాగా సముద్రం పాలవుతున్నదనీ ఆ వార్త సారాంశం. చదివినవారు నిట్టూరుస్తారు. కాలువ చివరి పొలం దున్నుకునే రైతుకు ఆ నిట్టూర్పు సహజమే. అయితే అదే నీటి కోసం, అవే దినాలలో, మరొక జనం ఎదురుచూస్తూ ఉంటారు. ఏరు నిండుగా వచ్చి కడలిలో పడితే ఆ తరువాతి నెలలలో వారి వలలు బరువెక్కుతాయి. ఏరు సన్నగిల్లితే వారి పొయ్యిలో నిప్పు సన్నగిల్లుతుంది. నది సముద్రంలో కలిసే చోట, ఇసుక తీరాన నిలబడి వల లాగే జాలరులు వారు.

ఇసుకే రేవు

శ్రీకాకుళం జిల్లాలోని కళింగపట్నం అటువంటి చోటు. ఒడిశా కొండలలో పుట్టిన వంశధార సుమారు 250 కిలోమీటర్లు ప్రవహించి ఇక్కడ బంగాళాఖాతంలో కలుస్తుంది. ఒకప్పుడు ఇది ఓడలు ఆగిన రేవు. నాటి రాకపోకలకు గుర్తుగా తీరాన దీపస్తంభం ఉన్నది. కొద్ది మైళ్ళ ఎగువన శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు ఉన్నవి. అంతటి పాత రేవైనా ఓడలు ఒడ్డును ఆనుకొని నిలిచేందుకు ఇక్కడ లోతు లేదు. కోరమాండల్ తీరమంతటా ఇదే పరిస్థితి. ఓడలు దూరాన లంగరు దించేవి. సరుకులనూ మనుషులనూ అలల మీదుగా ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. పలకలను మేకులతో బిగించక కొబ్బరి తాటితో కుట్టి చేసిన పడవలవి. అల వచ్చి కొట్టినప్పుడు ఆ పడవ విరగక వంగేది. ఆ కుట్టు పడవే తరతరాలుగా తీరపు వలను కూడా మోసింది.

ఈ జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నది. అందులో అధికభాగం ఇసుక. చాలా ఊళ్ళకు రేవు అంటే ఇసుకే. పడవను అలలలోకి నెట్టడమూ, తిరిగి వచ్చిన పడవను దుంగల మీదుగా పైకి లాగడమూ మనుషుల భుజబలంతో జరిగే పనులు. నది కలిసే చోటును తీరవాసులు మొగ అంటారు. వాడబలిజ, జాలరి కులాలవారు ఈ మొగల ఇరువైపులా ఊళ్ళు కట్టుకొని, ఒక కన్ను ఏటి మీదా, ఒక కన్ను కడలి మీదా ఉంచి బ్రతుకుతున్నారు.

పలుచేతుల వల

ఇసుక తీరపు వేటలో పెద్దది అలివి వల. ఇది గాలం వంటిది కాదు, విసురు వల వంటిది కాదు. ఒక్కడు ఎత్తి వేసేది కానే కాదు. చిన్న వలకు ఇరవై మంది, పెద్ద వలకు యాభై అరవై మంది కావాలి. వల రెండు చివరలకూ పొడుగాటి తాళ్ళు కడతారు. ఒక తాటి కొసను ఒడ్డున ఒక జట్టు పట్టుకొని నిలుస్తుంది. పడవ ఆ తాటిని వదులుతూ సముద్రంలోకి సాగి, పిమ్మట వలను అర్ధచంద్రాకారంగా నీటిలో జారవిడిచి, రెండవ తాటితో కొన్ని వందల గజాల అవతల ఒడ్డుకు వస్తుంది. అక్కడ రెండవ జట్టు సిద్ధంగా ఉంటుంది. ఇక లాగడం మొదలు.

చూసేవారికి ఇది బలప్రదర్శనవలె తోస్తుంది. నిజానికి ఇందులో బలం కంటె పొందిక ముఖ్యం. ఒక జట్టు ముందు, ఒక జట్టు వెనుక అయితే వల వంకరపోతుంది. చేప సందు చూసుకొని జారిపోతుంది. అందుకే లాగుడుకు పాట ఉన్నది, పాటకు లయ ఉన్నది. లాగుతూ లాగుతూ రెండు జట్లు ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. వల రెక్కలలో కన్నులు పెద్దవి. నడుమనున్న సంచి వైపు వచ్చేకొద్దీ కన్నులు చిన్నవవుతాయి. పైన తేలడానికి బెండ్లు, అడుగు నేలను అంటి ఉండడానికి బరువులు. చేపకు పైనా క్రిందా దారి లేక సంచిలోకి నడుస్తుంది. ఒక వేట ముగియడానికి రెండు మూడు గంటలు పడుతుంది.

పట్టిన చేపను పంచుకునే పద్ధతిలోనే ఈ వేట స్వభావం తెలుస్తుంది. వలకు ఒక పాలు, పడవకు ఒక పాలు, లాగిన చేతులన్నిటికీ పాళ్ళు. కూలి రోజుకు ఇంత అని ముందుగా నిర్ణయించడం ఉండదు. సముద్రం ఇచ్చినదానిలో భాగం ఉంటుంది. సముద్రం పోయలేని శక్తి ఉడిగిన వృద్ధుడు కూడా తాటికి చేయివేసి తన వంతు తెచ్చుకోగలడు. పిల్లవాడు తాడు చుట్టి గుప్పెడు నెత్తళ్ళు తీసుకుపోతాడు. వల ఒడ్డుకు చేరీచేరకముందే ఆడవారు తట్టలతో వస్తారు. వెల కట్టడం, ఏరడం, ఉప్పు వేయడం, ఇసుక మీద ఎండబెట్టడం, నెత్తిన పెట్టుకొని ఊరూరా అమ్మడం వారి చేతులలోని పనులు. ఎండుచేప లేకపోతే ఈ జిల్లా లోపలి ఊళ్ళ పేదవాడి కూటికి రుచి లేదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో మత్స్యశాఖకు అధిపతిగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920 దశకంలో ఈ తీరపు వలలనూ పడవలనూ శ్రద్ధగా పరిశీలించి గ్రంథస్థం చేశాడు. నాటి నుండి నేటికి వలనూలు మారింది: ప్రత్తి, జనుము పోయి నైలాను వచ్చింది. కుట్టు పడవ స్థానంలో ఫైబరు పడవ వచ్చింది. 1979లో మద్రాసు కేంద్రంగా ఆరంభమైన బంగాళాఖాత కార్యక్రమం, ఇసుక ఒడ్డున దిగగల కొత్త పడవలను ప్రయత్నించింది. వల వేసే తీరు మాత్రం అదే. ఇదే వలను తమిళులు కరవలై అనీ, మలయాళులు కంబవల అనీ, కన్నడ తీరంవారు రంపణి అనీ, సింహళులు మాదెల్ అనీ అంటారు. ఉపఖండపు ఇసుక తీరాలకు ఇది ఉమ్మడి సొత్తు.

మొగ ఒక వాకిలి

ఇసుక తీరం ఎంతో పొడవున్నా జాలరి చూపు మొగ దగ్గరనే ఎందుకు నిలుస్తుంది? కారణం నీటి రంగులోనే ఉన్నది. వరద దినాలలో ఒండ్రుతో ఎర్రబారిన ఏటినీరు సముద్రంలోకి చాలా దూరం చొచ్చుకుపోతుంది. తియ్యనీరు తేలిక, ఉప్పునీరు బరువు. రెండూ వెంటనే కలిసిపోవు. ఎరుపుకూ నీలానికీ నడుమ గీత గీచినట్లు హద్దు కనిపిస్తుంది. కొండల మీది ఆకులూ మన్నూ కుళ్ళి ఇచ్చిన పోషకాలను ఏరు మోసుకొచ్చి ఆ హద్దు దగ్గర దింపుతుంది. వాటిని తిని కంటికి కనిపించని నాచుజీవులు పెరుగుతాయి; వాటిని చిన్న జీవులు, చిన్న జీవులను కవళ్ళు, నెత్తళ్ళు, కారలు, వాటిని వెన్నంటి పెద్ద చేపలు. వరద తగ్గి, తుపానుల భయం తీరి, అలలు నెమ్మదించిన తరువాత తీరపు వలలో పడేది చాలావరకు ఈ గుంపులే. పక్షులు ఎక్కడ వాలుతున్నవి, నీటి మీద ఎక్కడ సన్నని గరుకు లేచింది అని అనుభవజ్ఞుడు ఇసుక దిబ్బ మీద నిలబడి చూసి, తుండుగుడ్డ ఊపి పడవకు దారి చెబుతాడు.

మొగ చేపకు అన్నశాల మాత్రమే కాదు, ఉయ్యాల కూడా. రొయ్య కడలిలో గ్రుడ్లు పెడుతుంది. పిల్ల రొయ్యలు పోటుతోపాటు మొగలోకి వచ్చి, ఉప్పూ తీపీ కలిసిన పలుచని నీటిలో కొన్ని వారాలు పెరిగి, మళ్ళీ కడలికి మరలుతాయి. బొంత చేపల పిల్లలదీ ఇదే దారి. పండుగప్ప కథ దీనికి తలక్రిందులు. అది ఏటిలోనూ మడుగులలోనూ పెరిగి, గ్రుడ్లు పెట్టడానికి మొగకు దిగుతుంది. పైగా మొదట మగచేపగా ఉండి, పెద్దదైన తరువాత ఆడచేపగా మారుతుంది. ఇక గోదావరి జిల్లాలవారికి వేరే చెప్పనక్కరలేని చేప ఒకటి ఉన్నది. సముద్రంలో ఇలసగా ఉన్నంతకాలం దానిని అంతగా పట్టించుకోరు. వరద గోదావరికి ఎదురీది వచ్చి పులస అయిన తరువాత దాని వెల ఆకాశాన్ని అంటుతుంది. ఈ జీవులన్నిటికీ మొగ ఒక వాకిలి. అది తెరచి ఉండాలి, దానిలో రెండు నీళ్ళూ కలవాలి.

వాకిలి తెరచి ఉండడం దానంతట అది జరిగే పని కాదు. మన తూర్పు తీరాన అలలు ఇసుకను ఒడ్డు వెంబడి నడిపిస్తాయి. నైరుతి ఋతుపవనాల కాలంలో ఇసుక ఉత్తరానికి, ఈశాన్య ఋతుపవనాల కాలంలో దక్షిణానికి నడుస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరపు నడకే ఎక్కువ. ఈ నడిచే ఇసుక మొగకు అడ్డంగా నాలుకవలె పెరిగి దిబ్బ కడుతుంది. వేసవిలో ఏరు సన్నబడినప్పుడు చిన్న మొగలు పూర్తిగా పూడిపోవడం కూడా కద్దు. వరద వచ్చి ఆ దిబ్బను తెంచుకొని పోతే వాకిలి తెరుచుకుంటుంది. వరదకు బలం లేకపోతే వాకిలి ఇరుకవుతుంది, లేదా ఊరికి దూరంగా జరిగిపోతుంది. నది మోసుకువచ్చిన ఇసుకే తీరాన్ని కూడా నిలబెడుతుంది. ఆ ఇసుక ఎగువ జలాశయాల అడుగున ఆగిపోతే సముద్రం ఒడ్డును తినడం మొదలుపెడుతుంది. వల లాగే జట్లు నిలవడానికి కావలసిన విశాలమైన ఇసుక అప్పుడు ఉండదు.

ఏరు రాని చోట

ఈ సంగతి నేడు కొత్తగా తెలిసినది కాదు. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1847లో ఆరంభించి 1852లో పూర్తి చేశాడు. డెల్టా అన్నపూర్ణ అయింది. కాటన్ పేరు నేటికీ రైతులు కొలుస్తున్నారు. ఆ తరువాత రెండు దశాబ్దాలకే, మన దేశపు చేపలను పరిశోధించిన ఫ్రాన్సిస్ డే, నదులకు అడ్డుగా కట్టిన ఆనకట్టలు ఎదురీదే చేపల రాకపోకలకు అవరోధం అవుతున్నవని 1873 నాటి నివేదికలో హెచ్చరించాడు. ఆనకట్ట మంచిదా చెడ్డదా అన్న వాదం ఆయనది కాదు. ఒకరికి వరమైనది మరొకరికి ఏమి అవుతున్నదో కూడా లెక్క వేయమన్నాడు.

లెక్క వేయకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు చుట్టూ ఉన్నవి. పాకిస్తానులో సింధునదిపై కోట్రీ బ్యారేజీ 1955లో పూర్తయింది. దిగువకు వదిలే నీరు తగ్గిపోగా సముద్రం సింధు డెల్టాలోకి చొచ్చుకువచ్చింది. అక్కడివారు పల్లా అని పిలుచుకునే ఇలస అరుదైపోయింది. మన గంగపై ఫరక్కా బ్యారేజీ 1975లో పనిచేయసాగింది. అంతకు పూర్వం ఇలస ఎదురీది ప్రయాగ దాకా, యమునలో ఆగ్రా దాకా పోయేది. ఇప్పుడు ఆ పట్టణాలలో ఆ మాట పెద్దలు చెప్పే కథ. కృష్ణానది సంగతి మరీ విచారకరం. ఈ శతాబ్ది ఆరంభంలో, 2002 నుండి 2004 వరకు సాగిన కరవు కాలంలో, అంతటి మహానది నుండి సముద్రానికి చేరిన నీరు దాదాపు శూన్యం.

వంశధార చిన్న నది. దాని నీటిని చెరి సగం పంచుకోవాలని ఆంధ్ర ప్రదేశ్, ఒరిస్సా ప్రభుత్వాలు 1962లోనే ఒక అవగాహనకు వచ్చాయి. హిరమండలం వద్ద గొట్టా బ్యారేజీ కట్టారు. మిగిలిన తగవుల పరిష్కారానికి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది. ఎగువనున్న పొలాలూ ముఖ్యమే, దిగువనున్న పొలాలూ ముఖ్యమే. కాని నీటిని చెరి సగం అన్నప్పుడు పంక్తిలో మూడవవాడికి ఆకు వేయలేదు. మొగ దగ్గర వల పట్టుకొని నిలిచినవాడే ఆ మూడవవాడు.

వలలోనూ దోషం ఉన్నది

తీరపు జాలరి కష్టాలకు నదిని మాత్రమే కారణంగా చూపడం న్యాయం కాదు. సముద్రం వైపు నుండి వచ్చిన పోటీ మరొకటి. 1970 దశకంలో మరపడవలు పెరిగి, తీరానికి దగ్గరగా వచ్చి నేలను గీకుతూ వేటాడసాగాయి. గోవాలో రంపణి వలల జాలరులు ఉద్యమించారు. కర్ణాటక తీరంలో 1970 దశకం చివర పర్సు సీను వలలు రావడంతో, వందమందికి పని ఇచ్చిన రంపణి కొద్ది సంవత్సరాలలోనే మూలపడింది. గుంపులు ఒడ్డుకు రాకముందే లోపల పట్టివేస్తే, ఒడ్డున వేచి ఉన్నవానికి మిగిలేది ఏమిటి? ఆందోళనల ఫలితంగా 1980 నుండి తీరరాష్ట్రాలు ఒక్కొక్కటే సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టాలు చేశాయి. ఆంధ్ర ప్రదేశ్ చట్టం 1994లో వచ్చింది. ఒడ్డు నుండి 8 కిలోమీటర్ల వరకు గల నీరు సంప్రదాయ జాలరులకే అని నియమం. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు తూర్పు తీరాన మరపడవల వేట నిషిద్ధం. తెడ్లతో నడిచే నావలకు మినహాయింపు ఉన్నది.

అలివి వల కూడా నిర్దోషి కాదు. అది పెద్దచేప, పిల్లచేప అని ఎంచక ఊడ్చుకు వస్తుంది. నైలాను చౌకై, సంచి కన్నులు దోమతెర అంత సన్నమైన చోట, రేపటి కోనాము, రేపటి రొయ్య నేడే ఎండి కోళ్ళ మేతగా పోతున్నవి. రొయ్యల చెరువులు కొత్తగా వెలసిన 1980, 1990 దశకాలలో పిల్ల రొయ్యల కోసం పేదలు మొగలలో సన్నకన్నుల వలలు ఈడ్చారు. కావలసిన ఒక పిల్లను ఏరుకొని, అక్కరలేని అనేక పిల్లలను ఒడ్డున పారవేసేవారు. తరువాత హేచరీలు వచ్చి ఆ పని తగ్గింది. కాని ఉయ్యాలలో చేయిపెట్టిన అలవాటు అంత తేలికగా పోదు. కన్ను పెద్దదిగా ఉంచాలన్న కట్టుబాటు చట్టం కంటె ముందుగా ఊరి పెద్దల నోట రావాలి. వల ఎవరు ముందు వేయాలో, ఎవరి వంతు ఎప్పుడో నేటికీ ఊరి కట్టుబాటుతోనే నడుపుకుంటున్న తీరాలకు ఇది అసాధ్యం కాదు.

ఇసుక విడిచి వెరావల్‌కు

ఇంట తీరం కూడు పెట్టనప్పుడు మనిషి పరాయి తీరానికి పోతాడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరి యువకులు ఏటా వందల మైళ్ళు రైలులో ప్రయాణించి గుజరాత్‌లోని వెరావల్ చేరి, ఇతరుల మరపడవలలో నెలజీతానికి పనిచేస్తున్నారు. సొంత వలలో పాలు ఉన్నవాడు అక్కడ కూలివాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లాలోనే పలాస సమీపాన తీరం దాటింది. ఆ తరువాతి నెలలోనే, గుజరాత్ తీరాన వేటాడుతూ సరిహద్దు దాటారని ఈ జిల్లాల జాలరులను పాకిస్తాను అధికారులు పట్టుకొని కరాచీ జైలులో పెట్టారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు ద్వారా స్వదేశానికి చేరారు. ఏడాదికి పైగా ఇళ్ళలో ఆడవారు తట్ట నెత్తిన పెట్టుకొనే సంసారాలను నెట్టుకొచ్చారు. తమ ఊరి సముద్రంలో గీత ఎరుగనివారు, ఊరుకాని సముద్రంలో కనిపించని గీత దాటి చెరసాల పాలయ్యారు.

వలస పోయినవాని లోటు మరొక విధంగా కూడా తెలుస్తుంది. అలివి వలకు చేతులు కావాలి. యువకులు లేని ఊరిలో తాడు పట్టేవారు చాలరు. వల ఎండలో పడి ఉంటుంది. వల కదలకపోతే వృద్ధునికి పాలు లేదు, ఆడవారి తట్టలో చేప లేదు. ఒక పనిముట్టు మూలపడితే ఒక ఊరి పంపిణీ వ్యవస్థే మూలపడుతుంది.

మొగకు ఒక వాటా

చేయవలసినవి మనకు తెలియని పనులు కావు. ప్రాజెక్టుల నీటి లెక్కలలో సాగుకు ఇంత, త్రాగడానికి ఇంత, పరిశ్రమలకు ఇంత అని వ్రాసేటప్పుడు మొగకు ఇంత అని ఒక వరుస చేర్చవచ్చు. ఆ నీరు ఎంత అన్నదానితో పాటు ఎప్పుడు అన్నది కూడా చూడాలి. దిబ్బను తెంచగల ఒక్క నిండు వరద, ఏడాది పొడుగునా పారే సన్నని ధార చేయలేని పని చేస్తుంది. 8 కిలోమీటర్ల హద్దును కాగితం మీదనుండి నీటి మీదికి తేవాలి. సంచి కన్నుల కొలతను ఊళ్ళు తామే నిర్ణయించుకోవాలి. తీరప్రాంత నియంత్రణ ప్రకటనలు 1991లోనూ, 2011లోనూ, 2019లోనూ వెలువడ్డాయి. వాటి అమలులో, పడవ దిగే ఇసుకనూ వల ఎండే ఇసుకనూ ఖాళీ స్థలంగా కాక పనిస్థలంగా గుర్తించాలి. పొలం గట్టుకు పట్టా ఉన్నది. వల లాగే ఇసుకకు పట్టా లేదు. అందువల్లనే రేవు కట్టేవారికీ, విహారగృహం కట్టేవారికీ అది ఎవరిదీ కాని నేలగా కనిపిస్తుంది.

ఇవన్నీ కాలం పట్టే పనులు. ఖర్చు లేకుండా ఈ వానకారులోనే చేయదగినది ఒకటి ఉన్నది. గేట్లు ఎత్తిన వార్త వ్రాసేటప్పుడు, చదివేటప్పుడు, 'వృథాగా' అన్న ఒక్క మాటను తీసివేయవచ్చు. పంటకు పోయిన నీరు పంటైనట్లే మొగకు పోయిన నీరు చేప అవుతుంది, ఇసుక అవుతుంది, వల లాగే చేతులకు పని అవుతుంది. కాలువ చివరి రైతు కన్నీటిని మనం నేర్చుకొని గుర్తించాము. ఏటి చివరి జాలరి కూడా అదే నీటికి ఆయకట్టుదారే.